దెబ్బల పుస్తకంలో ఒక కొట్టివేత

ఆయనకు మతిమరుపు లేదు.

ఈ మాట నేను ఆరేళ్ల కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పి ఉండాల్సింది. గదిలో నలుగురమే ఉన్నాం. ఆయన నా ముఖంలోకి చూసి నన్నే అడిగారు. నిజం నా ఒక్కడికే తెలుసు. చెప్పలేదు. ఆ తర్వాత చెప్పడానికి ఆరేళ్లు దొరికాయి. అప్పుడూ చెప్పలేదు. పోయిన నెల ఆయన పెద్దకర్మ రోజు భోజనాల వరసలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి పప్పు కలుపుకుంటూ, "మంచి పనివాడండీ. పాపం, చివర్లో మతి తప్పింది" అన్నాడు. ఎదుటి వరసలో ఇద్దరు తలలూపారు. నేనూ ఊపాను. ఊపానని చెయ్యి కడుక్కునేటప్పుడు గాని తెలియలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆయన పేరు మాత్రం రాయను. ఆ పేరు పక్కన ఇప్పటికే నా వల్ల ఒక మాట చేరింది. మేం బాబాయ్ అనేవాళ్లం. అది చాలు.

ఆయన దేన్ని చూసినా ముందు వేలి కణుపుతో తట్టేవారు. తట్టి, తల కాస్త ఎడమకు వంచి వినేవారు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్లు లారీ బాడీలు కట్టిన అలవాటు అది. ఏ చెక్క బిగువుగా ఉందో, ఏ బోల్టు వదులైందో ఆ చప్పుడే చెబుతుందట. పుచ్చకాయను తట్టేవారు. కొత్తగా బిగించిన తలుపును తట్టేవారు. మాటల మధ్యలో ఒక్కోసారి నా భుజాన్ని కూడా తట్టి తల వంచేవారు. అప్పట్లో నవ్వొచ్చేది. లోపల ఏదో వదులుగా ఉన్నట్టు ఆయనకు వినబడేదేమోనని ఇప్పుడు అనిపిస్తుంది.

వన్ టౌన్‌లో నాది పిల్లల బొమ్మల హోల్‌సేల్ కొట్టు. ఒకదాన్లో ఒకటి బిగుసుకునే ప్లాస్టిక్ ఇటుకలు ఉంటాయే, వాటి డబ్బాలు చినిగిపోయి వెనక్కి వచ్చేవి. అలా రెండు గోతాల ఇటుకలు పేరుకున్నాయి. కాలేజీలో ఫిజిక్స్ చెప్పే నా స్నేహితుడు మురళి ఇంటర్నెట్‌లోంచి ఒక ఆట పట్టుకొచ్చాడు. ఆ ఇటుకలతో జానెడెత్తు యుద్ధపు రోబోలను కట్టాలి. బల్ల మీద నిలబెట్టి, పాచికలు వేస్తూ ఒకరి మీదికి ఒకరు నడిపించాలి. దెబ్బ తగిలిన రోబో నుంచి ఒక భాగం ఊడదీయాలి. చెయ్యి ఊడితే తుపాకీ పోయినట్టు, కాలు ఊడితే నడక పోయినట్టు. మురళి, పక్క కొట్టు సత్యం, నేను, ముగ్గురం నలభై దాటినవాళ్లం, ఆదివారం పూట షట్టరు సగం దించుకుని అదే పని.

అలాంటి ఒక ఆదివారం మా కొట్లో అరలకు కొలతలు తీసుకోవడానికి ఆయన వచ్చారు. మురళి ఇంగ్లీషు కాగితాలు చూసి రూల్సు చదువుతున్నాడు, సత్యం అతనితో తగువాడుతున్నాడు. ఆయన టేపు మెడలో వేసుకుని కాసేపు చూశారు. వంగి, నా రోబోను కణుపుతో ఒక్కటి తట్టారు. అది నడుం దగ్గర విరిగి కూలబడింది.

"దీనికి ఛాసిస్ ఏదయ్యా?" అన్నారు.

"ఇది రోబో అండీ," అన్నాడు మురళి.

"ఏదైతేనేం? నిలబడాల్సినదానికి ఛాసిస్ ఉండాలి గదా. మీరు ముందు బాడీ కట్టి తర్వాత కాళ్లు అతికిస్తన్నారు."

"మా షావుకారు కట్టింది ఎప్పుడూ అంతేనండీ," అన్నాడు సత్యం నన్ను చూపించి. "దెబ్బ తగలక్కర్లా. ఫ్యాను గాలికే పడిద్ది."

ఆయన నవ్వలేదు. కింద కూర్చుని, నా రోబోను మొత్తం విప్పేసి, కాళ్ల నుంచి మొదలుపెట్టి మళ్లీ కట్టారు. అరగంట పట్టింది. అరలకు కొలతలు తీసుకోవడం మరిచిపోయారు. మరిచిపోయారు అని రాయడానికి ఇప్పుడు చెయ్యి ఆగుతోంది. అది మరపు కాదు, మోజు. కట్టడం అయ్యాక నేల మీద నిలబెట్టి తట్టారు. కదల్లేదు. "ఇదీ బండంటే" అన్నారు. ఆ రోజు నుంచి మా రోబోలన్నీ బళ్లయ్యాయి.

తర్వాతి వారం నుంచి ఆట ఆయన ఇంటికి మారింది. మా కొట్టు వెనక సందులోంచి కొండ మీదికి మెట్లుంటాయి. ఆ మెట్లెక్కి ఎక్కి ఆయాసం వచ్చి, ఇంక చాలనుకునే చోట ఆయన ఇల్లు. ముందుగదిలో బల్ల ఉండేది. అది ఆయన కట్టిన మొదటి లారీకి వెనక తలుపు. లారీ తుక్కు కిందికి పోయిందని తెలిసి, వెళ్లి ఆ తలుపొక్కటి మోసుకొచ్చి కాళ్లు బిగించారు. దాని మీద ఆయన చేత్తో వేసిన తామరపువ్వు, "దూరం పాటించు" అన్న పెద్ద అక్షరాలు రంగు వెలిసినా అలాగే ఉన్నాయి.

ఇంటి రూల్సు ఆ బల్ల నుంచే పుట్టాయి. మురళి కాగితం చదివేవాడు. ఆయన పెన్సిలు చెవి మీంచి తీసి వినేవారు. విన్నాక, "అది వాళ్ల ఊళ్లో. ఇది మన బల్ల" అనేవారు. అక్షరాలు గోడల కింద లెక్క. 'దూ' వెనకాల నిలబడ్డ బండికి దెబ్బ తగలదు. పువ్వు మీద ఏ బండీ నిలబడకూడదు. ఎందుకని సత్యం అడిగితే, "రెండు రోజులు వేశాను దాన్ని" అన్నారు, అంతే. ఆటకు ముందు ఆయన అరచేత్తో బల్లను మూడుసార్లు కొడతారు. పడిపోయిన బండి ఆ పూట ఆడదు. పునుగులు తిన్న చేత్తో బండిని ముట్టకూడదు. ఈ రూలు వచ్చింది సత్యం వల్ల, దాన్ని ప్రతి వారం తప్పిందీ సత్యమే. పిన్నిగారు, అంటే ఆయన భార్య, పళ్లెం తెచ్చి మా మధ్యలో పెట్టి, "పేల్చుకున్నంతసేపు పేల్చుకున్నారు గాని చల్లారిపోతన్నయి, తినండి" అనేవారు.

నాకు అన్నింటికన్నా గుర్తున్న రూలు ఒకటుంది. దెబ్బ కొట్టినవాడు ఎదుటివాడి బండి ముక్కను తనంతట తాను ఊడబెరకకూడదు. చెయ్యి చాపి, "తీయమంటారా?" అని అడగాలి. అవతలివాడు "తియ్యి" అన్నాకే తీయాలి. వయసుతో పని లేదు. తనకన్నా ఇరవయ్యేళ్లు చిన్నవాణ్ణైన నన్ను కూడా ఆయన "తీయమంటారా?" అనే అడిగేవారు.

"ఎందుకు బాబాయ్ ఇదంతా? గెలిచినోడు పీక్కుంటాడు, అయిపోయిద్ది," అన్నాడోసారి సత్యం.

"వాడు కట్టుకున్నదిరా అది," అన్నారు. "విప్పేటప్పుడు అడగవా?"

ఆయన బండికి తుపాకీ లేదు. ముందు ఒక కొక్కెం, వెనక ఒక బరువు. క్రేను. అది ఎవర్నీ కొట్టదు. పడిపోయిన బళ్లను దగ్గరికొచ్చి ఎత్తి పక్కకు తీసుకెళుతుంది. మురళి ఎన్నోసార్లు చెప్పి చూశాడు, దీంతో మీరు ఎప్పటికీ గెలవలేరండీ అని. "హైవే మీద క్రేను గెలుస్తదా?" అని ఎదురు ప్రశ్న వేసేవారు.

రూల్సు రాసిన పొడుగు నోటుపుస్తకాన్ని వెనకనుంచి తిరగేస్తే దెబ్బల పుస్తకం. ఇది కూడా ఆయన ఊహే. ఆదివారం ఊడిన చెయ్యి సోమవారానికి మొలవదు గదా అని, దెబ్బలు వారం నుంచి వారానికి మోసుకుపోవాలన్నారు. కాలు రెండు ఆదివారాలు, చెయ్యి మూడు. ఊడిన ముక్కలు గళ్లు గళ్లుగా చేసిన ఒక చెక్కపెట్టెలో ఉంటాయి. దాని పేరు షెడ్డు. ఎవరి బండికి ఏం పోయిందో, ఎప్పుడు బిగించాలో ఆయన గుండ్రటి అక్షరాలతో పుస్తకంలో రాసేవారు. పుస్తకం ఉంది కదా అని మేమెవరం ఏదీ గుర్తుపెట్టుకునేవాళ్లం కాదు. వచ్చేవాళ్లం, ఆడేవాళ్లం, తినేవాళ్లం, మెట్లు దిగేటప్పటికి మరిచిపోయేవాళ్లం. గుర్తుంచుకునే పని మొత్తం ఆయనకు వదిలేశాం.

చివరి రూలు ఆయన ఆటోనగర్ నుంచి తెచ్చుకున్నది. పుస్తకానికీ బండికీ తేడా వస్తే బండినే నమ్మాలి. కుర్రతనంలో ఒకసారి కాగితం మీది కొలత చూసి చెక్క కోసేశారట. బాడీ ఛాసిస్ మీద కూర్చోలేదు. వాళ్లన్నయ్య ఆ కాగితం చించి ఆయన చేతిలో పెట్టి, ఇకనుంచి బండి మీద కొలువు అన్నాడట. "కాగితం రాసింది మనిషి. మనిషన్నాక తప్పు రాస్తాడు. బండి అబద్ధం చెప్పదు" అనేవారు ఆయన. నెలకోసారైనా అనేవారు.

ఆ అన్నయ్య సంగతి నాకు ఒక్కడికే చెప్పారు. ఓ సాయంత్రం పాల కోసమని నాతోపాటు మెట్లు దిగుతూ, మధ్యలో ఒక మెట్టు దగ్గర ఆగి, పక్క పిట్టగోడను కణుపుతో తట్టారు.

"ఇక్కడ దొరికాడు మా అన్నయ్య."

నేను ఆగాను.

"కిందికి దిగాడు. తిరిగి ఎక్కేటప్పుడు ఇల్లెక్కడో తెలీలా. ఇదిగో, ఈ మెట్టు మీద కూర్చున్నాడు. వెతుక్కుంటా నేనొస్తే నన్నే అడిగాడు. బాబూ, ఇక్కడ లారీలు కట్టే అన్నదమ్ముల ఇల్లేదీ అని."

కింద ఆటోల హారన్లు వినబడుతున్నాయి. ఆయన ఆ గోడ మీదే చెయ్యి ఉంచారు.

"ముందు చిన్నవే పోయాయి అబ్బాయ్. టేపెక్కడ పెట్టాడో. ఏ కొలత చెప్పాడో. చెప్పలేదని అన్నయ్య, చెప్పావని నేను. నవ్వేవాణ్ణి. నవ్వకుండా ఉండాల్సింది. నాకు గనక అట్టాంటిది మొదలైతే నువ్వు చెప్పెయ్యాలి. ముఖాన చెప్పెయ్యాలి. మీ పిన్ని చెప్పదు. సత్యంగాడు జోకేస్తాడు. నువ్వు చెప్పు."

"చెప్తాను బాబాయ్," అన్నాను.

"ఊఁ." నా భుజం తట్టి, తల వంచి విని, దిగారు.

ఆరేళ్ల కిందటి ఆ దసరాకు ముందు సత్యం మా అందర్నీ దులిపేశాడు. ఒక ఆదివారం నా బండి ఎడమ చెయ్యి, అందులోని పొడుగు తుపాకీతో సహా పోయింది. మురళిది కాలు పోయింది. నవరాత్రులు మొదలైతే కొండ కింద రోడ్లన్నీ మూసేస్తారు, ఆట ఉండదు. అందుకని తర్వాతి ఆదివారం ఆ ఏటికి ఆఖరి ఆట. గెలిచిన బండి మళ్లీ దసరా దాకా, బళ్లూ షెడ్డూ దాచే అలమరలో పై అరన నిలబడుతుంది. నేను ఒక్కసారి కూడా గెలవలేదు. "షావుకారు బండికి పై అర చూపించండి బాబాయ్, దూరం నుంచైనా దణ్ణం పెట్టుకుంటది" అన్నాడు సత్యం ఆ రోజు. అందరం నవ్వాం. నేను నవ్వుతూనే మెట్లు దిగాను గాని, ఆ మాట నాతోపాటు దిగింది.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త ఇటుకలు కొన్ని ఇద్దామని వెళ్లాను. ఆయన నీళ్లు పోసుకుంటున్నారు. పిన్నిగారు వంటింట్లో ఉన్నారు. "కూర్చో అయ్యా, వచ్చేస్తారు" అన్నారు లోపలినుంచి. అలమర తాళంచెవి పక్కన మేకుకే వేలాడుతోంది. ఇటుకలన్నీ నా కొట్టువే కదా అనుకున్నాను. నా బండి నేను ముట్టుకుంటే తప్పేంటి అనుకున్నాను. అలమర తెరిచి, షెడ్డులోంచి ఎడమ చెయ్యి తీశాను. భుజానికి ఆనించి నొక్కితే టిక్ మంది. చాలా చిన్న చప్పుడు. బాత్‌రూంలో చెంబు చప్పుడు కూడా అదే క్షణంలో ఆగింది. తాళం వేసి, చెవి మేకుకు తగిలించి, వచ్చి కుర్చీలో కూర్చున్నాను. ఆదివారం ఆయన చూసి "ఇదేంటిరా" అంటారు, నేను నవ్వేసి ఒప్పుకుంటాను, చెయ్యి ఊడదీస్తాను. ఇదీ నేను వేసుకున్న లెక్క. పట్టుబడతాననే అనుకున్నాను. పుస్తకానికీ బండికీ తేడా వస్తే ఏం చెయ్యాలన్న రూలు నాకు ఆ క్షణాన గుర్తుకే రాలేదు.

ఆదివారం ఆయన అలమర తెరిచి, బళ్లు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టి, పుస్తకం తెరిచారు.

"షావుకారు. ఎడమ చెయ్యి లేదు," అని చదివి తలెత్తారు. నా బండికి రెండు చేతులూ ఉన్నాయి.

ఆయన పుస్తకం చూశారు. బండిని చూశారు. షెడ్డు తెరిచి నా గడి చూశారు. ఖాళీ. నేను నవ్వడానికి సిద్ధంగా ఉన్నాను. ఒక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటున్నాను.

"పొరపాటున రాసుంటారు బాబాయ్," అన్నాడు సత్యం పునుగు నములుతూ. "ఆ రోజు నేను కొట్టిన కొట్టుడికి ఎవరికేం ఊడిందో నాకే తెలీదు."

"ఏజ్ ఎఫెక్ట్ అండీ," అన్నాడు మురళి, నవ్వుతూనే. "మా నాన్న కళ్లజోడు పెట్టుకునే కళ్లజోడు వెతుకుతాడు."

ఆయనకు నవ్వు రాలేదు. నా వైపు తిరిగారు. ఆ చూపు మెట్ల దగ్గరి చూపు.

"నువ్వు చెప్పు. పోయిన వారం నీ చెయ్యి ఊడిందా, లేదా?"

అప్పుడు చెప్పి ఉంటే తిట్టేవారు. ఆ పూట నన్ను ఆడనిచ్చేవారు కాదు. సత్యం ఏడాదంతా ఏడిపించేవాడు. అంతకు మించి ఏమీ జరిగేది కాదు. నాకు అడ్డం పడింది ఆ పాటి సిగ్గే.

"నాకు గుర్తు లేదు బాబాయ్," అన్నాను. "ఊడినట్టు లేదు."

ఆయన బండిని కణుపుతో తట్టారు. తల వంచి విన్నారు. అది గట్టిగా ఉంది. ఆయనే కట్టిన ఛాసిస్ అది. "బండి అబద్ధం చెప్పదు," అన్నారు నెమ్మదిగా. చెవి మీంచి పెన్సిలు తీసి, తను రాసిన వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశారు. పుస్తకాన్ని మురళి ముందుకు జరిపారు. "ఇవాళ్టి నుంచి నువ్వు రాయి."

ఆ రోజు నేను గెలిచాను. నా బండి పై అర ఎక్కింది.

నవరాత్రుల తర్వాత రెండు ఆదివారాలు ఆడాం. ఆయన నిలబడి చూశారేగాని క్రేనును బయటికి తీయలేదు. మూడో వారం, మోకాళ్లు నొప్పులు, ఈ పూటకు వద్దులే అన్నారు. మళ్లీ రమ్మనలేదు. అలా ఆగిపోయింది ఆట. మేమూ అడగలేదు.

తర్వాత ఆయన మా కొట్టు ముందు నుంచి వెళ్లేటప్పుడు చేతిలో చీటీ ఉండేది. పిన్నిగారు రాసిచ్చింది. నాలుగడుగులకోసారి ఆగి అది చదువుకునేవారు. స్కూటరు మానేశారు. వడ్రంగం పనులు ఒప్పుకోవడం మానేశారు. నాతో ఏం మాట్లాడినా మొదట, "ఇది నీకు ముందే చెప్పానా?" అని అడిగేవారు. చెప్పలేదు బాబాయ్ అంటే, నమ్మనట్టు నా ముఖం కేసి చూసి, అప్పుడు చెప్పేవారు. ఆ ఆరేళ్లలో ఆయన నాకు ఒక్కసారి కూడా చెప్పిన మాట మళ్లీ చెప్పలేదు. ఒక్కసారి కూడా. ఇది నేను గమనించాను. గమనించి, తల దించుకుని, బిల్లు పుస్తకం తిరగేస్తూ కూర్చున్నాను. నా భుజం తట్టడం కూడా మానేశారు. తట్టి విని ఏదైనా తేల్చగలనన్న నమ్మకం ఆయనకు పోయింది కాబోలు.

వర్షాకాలంలో జ్వరం వచ్చింది. నాలుగు రోజులు. పోయారు.

పెద్దకర్మ అయిన వారానికి పిన్నిగారు ఫోను చేశారు. అలమర ఖాళీ చేస్తున్నాను, మీ ముగ్గురూ వచ్చి మీ బళ్లు పట్టుకెళ్లండి, ఆ పుస్తకం కూడా అన్నారు. వెళ్లాం. బల్ల గోడ వారకు జరిపి ఉంది. బళ్లు నాలుగూ దాని మీద పెట్టి ఉన్నాయి. మురళి పుస్తకాన్ని వెనకనుంచి తెరిచాడు. పేజీలు తిప్పుతూ ఆగిపోయాడు.

"పిన్నిగారూ, మేం ఆట మానేశాక కూడా రాశారే బాబాయ్?"

"ఆదివారం ఆదివారం రాసేవారు," అన్నారు ఆవిడ. "ఆ దసరా ఆటకు దిగినట్టే బళ్లను మళ్లీ సర్దిపెట్టుకున్నారు. అలమరకు వీపు పెట్టి కూర్చుని ఏదో రాసుకునేవారు. రాసి, లేచి, తలుపు తీసి చూసేవారు. పరీక్షంట. తనకు తనే పెట్టుకునే పరీక్ష."

మురళి చదివాడు. ప్రతి పేజీలో అవే నాలుగు పంక్తులు. ఆఖరి దసరా ఆటకు ఏ బండి ఎలా దిగిందో. సత్యం: అన్నీ ఉన్నాయి. పక్కన టిక్కు. మురళి: కుడి కాలు లేదు. టిక్కు. క్రేను: కొక్కెం ఉంది. టిక్కు. షావుకారు: ఎడమ చెయ్యి లేదు. దాని మీద అడ్డంగా గీత. పక్కన తప్పు గుర్తు. తర్వాతి వారం కూడా అంతే. ఆ తర్వాతి వారం కూడా. ఆరేళ్ల ఆదివారాలు. మూడు టిక్కులు, ఒక తప్పు. ఒక పేజీలో మాత్రం కింద చిన్నగా రాసి ఉంది. "ఎంత ఆలోచించినా ఇంకా అదే గుర్తొస్తోంది."

మురళి చదవడం ఆపాడు. "బాబాయ్ ప్రతిసారీ అదొక్కటే ఎందుకు తప్పు రాశారో," అన్నాడు.

"తప్పు కాదు," అన్నాను.

ఆ మాట బయటికి వచ్చాక మిగతాది ఆగలేదు. శుక్రవారం, బాత్‌రూంలో నీళ్ల చప్పుడు, మేకుకు తాళం, టిక్ మన్న భుజం. అన్నీ చెప్పాను. మెట్ల మీద ఆయన నన్ను అడిగిందీ, నేను ఇచ్చిన మాటా చెప్పాను. సత్యం నా బండి ఎడమ భుజాన్ని వేలితో తడిమి చూశాడు. మురళి పుస్తకాన్ని ఒళ్లో పెట్టుకుని, "ఏజ్ ఎఫెక్ట్ అన్నాను నేను," అన్నాడు. ఎవరితోనో గాదు, పుస్తకంతో.

 పిన్నిగారు బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు.

"ఎక్కడ దారి తప్పుతారోనని స్కూటర్ తాళాలు నేనే దాచాను," అన్నారు. "ఆయన దాచమన్లా. నేనే దాచాను. రోజంతా వెతికారు. తనే పారేసుకున్నాననుకుని వెతికారు. అదీ మరిచిపోయారులే అన్నాన్నేను. ఆయనతోనే అన్నాను. నలభయ్యేళ్లు కాపరం చేసి, నేను కూడా ఆయన్ని నమ్మలేదు గదయ్యా."

నేను ఆవిడ కాళ్లకు వంగబోయాను.

"నాకెందుకూ?" అన్నారు ఆవిడ వెనక్కి జరిగి. "నాకు చెప్పి ఇంటికెళ్లి భోంచేద్దామనా? నువ్వు చెప్పాల్సింది నాకు గాదు. చెప్పాల్సిన రోజున చెప్పలేదు. ఇప్పుడేం చేసుకుంటావో చేసుకో."

ఏం చెయ్యాలో నాకు తెలిసింది ఒక్కటే. ఆ ఇంటి రూల్సు. నా బండిని బల్ల మధ్యలోకి తెచ్చాను. పువ్వు మీద పడకుండా చూసి నిలబెట్టాను. ఎవరూ చెప్పకుండానే సత్యం క్రేనును తెచ్చి దాని ఎదురుగా పెట్టాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆ కుర్చీ ముందు చెయ్యి చాపాను.

"తీయమంటారా?"

కింద బజారు రొద తప్ప ఏమీ వినబడలేదు. ఎవరూ జవాబు చెప్పరని నాకు తెలుసు. చాపిన చెయ్యి అలాగే ఉంచాను. ఎంతసేపో చెప్పలేను. పిన్నిగారు వచ్చి ఆ కుర్చీలో కూర్చున్నారు. నా ముఖం కేసి చూడలేదు. బండి కేసి చూశారు.

"తియ్యి," అన్నారు.

ఎడమ చెయ్యి ఊడదీశాను. అదే చిన్న చప్పుడు. షెడ్డులో నా గడిలో పెట్టాను. మురళి పుస్తకం తెరిచి, ఆరేళ్ల కిందటి ఆ పేజీ నా ముందు పెట్టాడు. ఆయన గుండ్రటి అక్షరాలు, వాటి మీద ఆయనే గీసుకున్న గీత. ఆ గీత కింద రాశాను. "ఈ కొట్టివేత చెల్లదు. రాసింది నిజం. ఆ రోజు బండి అబద్ధం చెప్పింది. చెప్పించింది నేను." సంతకం పెట్టాను. తర్వాత మిగిలిన పేజీలన్నీ ఒక్కొక్కటే తిప్పుతూ, తప్పు గుర్తు ఉన్న ప్రతి చోటా టిక్కు పెట్టుకుంటూ వెళ్లాను. సాయంత్రమైంది. ఎవరూ లేవలేదు. ఆఖరి పేజీలో టిక్కు పెట్టి, పెన్సిలు బల్ల మీద పెట్టి, అందరికీ వినబడేలా చెప్పాను.

"క్షమించండి బాబాయ్. ఆ చెయ్యి ఊడింది. నాకు గుర్తుంది."